కరీబియను సముద్రయానము: నాడు, నేడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



సముద్రము కంటికానరాని సీమలో సముద్రయానమును గూర్చి ఉపన్యాసమేమని కొందరికి తోపవచ్చును. నల్లచెరువు పేరులో చెరువున్నది; అది నిండిన సంవత్సరములను మాత్రము వ్రేళ్లపై లెక్కింపవచ్చును. సముద్రమునుండి ఈ సీమకు వచ్చునది మబ్బొక్కటే. వేరుసెనగ విత్తిన రైతునకు అదియు వచ్చునన్న నమ్మకము లేదు. అయినను కాలము మారినది. కదిరి ప్రాంతపు పల్లెలనుండి సైతము బిడ్డలు అమెరికా చేరి ఉద్యోగములు చేయుచున్నారు. కోడలి పురుటికనియో, కొడుకు గృహప్రవేశమునకనియో తల్లిదండ్రులు వారి యొద్దకు పోవుచున్నారు. నాలుగు గోడల నడుమ ప్రొద్దుపోక విసిగిన ఆ పెద్దలను బిడ్డలు ఒక వారము దినములు ఓడ ఎక్కించి కరీబియను దీవులు చూపుట నేడు తరచుగా జరుగుచున్నది. ఆ యాత్రకే క్రూయిజు అని పేరు.

ఈ ప్రసంగమునకు విషయము ఆ యాత్రయే. దంపతులిద్దరు ఏడు దినములలో నాలుగైదు రేవులు దిగి, చూచి, మరల ఓడ ఎక్కుటలో నున్న సుఖమేమో ముందుగా చూతము. ఆ సముద్రముననే పూర్వము మన దేశపు దంపతులు ఏ రీతిని రేవు దిగిరో పిమ్మట చూతము. మొదటివారు ఎనిమిది గంటలకు దిగుదురు. రెండవవారు ఐదేండ్లకు దిగిరి. వారిలో పెక్కురు మరల ఓడ ఎక్కలేదు.

విహారనౌకల పుట్టుక చిత్రమైనది. పూర్వము అట్లాంటికు మహాసముద్రమును దాటదలచినవారికి ఓడయే ముఖ్యసాధనము. 1958లో జెట్ విమానములు ఆ సముద్రముమీదుగా ప్రయాణికులను చేరవేయ నారంభించినవి. దినముల ప్రయాణము గంటలలో ముగియుచుండగా ఓడ ఎవరికి కావలెను? బేరము పడిపోయిన ఓడల యజమానులు వేరొక ఉపాయము పన్నిరి. ఊరు చేరుటకు పనికిరాని ఓడనే ఊరుగా చేసిరి. 1966 డిసెంబరులో ‘సన్‌వార్డ్’ అను నౌక ఫ్లోరిడా రాష్ట్రములోని మయామి రేవునుండి విహారయాత్రలకు బయలుదేరినది. నేటి క్రూయిజు వ్యాపారమునకు అది పునాదులలో నొకటి. 2024 జనవరిలో ఆ మయామినుండియే తొలియాత్ర చేసిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ పొడవు 365 మీటర్లు, అంతస్తులు 20. గదికి ఇద్దరు చొప్పున లెక్కించినను అందు 5,610 మంది ప్రయాణికులు పట్టుదురు. పెక్కు పల్లెల జనము ఒక్క ఓడలో నీటిపై తేలుచు పోవునన్నమాట.

ఇట్టి నౌకలో దంపతులకు కలుగు మొదటి సుఖము ఇల్లాలికి కలుగు సుఖము. నలుబదియేండ్లు పొయ్యి రాజేయక తెల్లవారని ఇల్లాలు ఏడు దినములు వంటయింటి ముఖము చూడదు. వేళకు ఎవరో వండుదురు, ఎవరో వడ్డింతురు, ఎవరో పక్క సర్దుదురు. మొదటి దినమున ఆమె తన కంచము తానే తీయబోవును; మూడవ దినమునకు గాని ఆ అలవాటు మానదు. శాకాహారమని ముందుగా తెలిపినచో అందుకు తగిన ఏర్పాటుండును. పెద్దాయనకు ఆవకాయ లేని లోటు తప్ప వేరు కొరత యుండదు. జీవితమంతయు బిడ్డల చదువులకు, పెండ్లిండ్లకు, అప్పులకు ఒడ్డిన ఇరువురు ఒకరినొకరు తీరికగా చూచుకొనుటకు ఆ వారము ఉపకరించును. దీనిని విలాసమని తీసివేయరాదు.

రేవు చేరు దినమున ఓడ కట్టుబాటు వేరుగా నుండును. సముద్రమున ఎంతటి అనుభవముగల నావికుడైనను రేవు ముంగిట స్థానికుడగు పైలట్టును ఓడలోనికి ఎక్కించుకొనును. ఆ రేవు లోతుపాతులు, రాళ్లు, ప్రవాహములు ఎరిగినవాడు అతడు. తెల్లవారు వేళకు ఓడ ఒడ్డు చేరును. రేవుకట్ట లేనిచోట చిన్న పడవలలో జనమును దించుదురు. దిగునపుడు ఒకమారు, ఎక్కునపుడు ఒకమారు ప్రతివారి చీటిని యంత్రము లెక్కించును. సాయంకాలము ఓడ కదలుటకు అరగంట ముందే అందరును ఎక్కవలెను. తమంతట తాము ఊరు చూడబోయి ఆలస్యము చేసినవారికొరకు ఓడ ఆగదు. వారు స్వంత ఖర్చుతో తరువాతి రేవు చేరుకొనవలసినదే. ఓడ గడియారమునకును దీవి గడియారమునకును ఒక్కొక్కచోట గంట భేదముండును గనుక దంపతులు ఓడ కాలమునే నమ్ముట క్షేమము. అమెరికా రేవునుండి బయలుదేరిన భారతీయులు మరల అమెరికా చేరుటకు పలుమార్లు ప్రవేశింప వీలుగల వీసా ఉండవలెనని బయలుదేరకముందే చూచుకొనవలెను. జూను మొదలు నవంబరు వరకు అచ్చట తుపానుల కాలమనియు ఎరుగవలెను.

ఇక రేవుల సంగతి. దక్షిణపు దీవులకు పోవు నౌకలు పెక్కు పోర్టోరికోలోని సాన్‌హువాను నుండి బయలుదేరును. అచ్చట స్పెయినువారు 1539లో కట్టనారంభించిన ఎల్‌మొరో దుర్గము సముద్రమునకు ఎదురొడ్డి నిలిచియున్నది. అటుపిమ్మట సెయింట్ థామస్ దీవి. అది డెన్మార్కువారిది, 1917లో ఇరుగుపొరుగు దీవులతో కలిపి రెండున్నర కోట్ల డాలర్లకు అమెరికాకు అమ్మివేసిరి. మన సీమలో పొలము అమ్మినపుడు పొలముపై నున్న చెట్లను దస్తావేజులో వ్రాయుదురు. అచ్చట దీవిపై నున్న మనుష్యులును ఆ అమ్మకములో చేతులు మారిరి. మార్టినీకు దీవి నేటికిని ఫ్రాన్సు దేశములో భాగము. అందలి సెయింట్ పియేరు నగరము 1902 మే 8వ తేదీన పెలే అగ్నిపర్వతము బ్రద్దలగుటచే నిమిషములలో భస్మమైనది. సుమారు 28,000 మంది మరణించిరి. దళసరి గోడల చెరసాలలో నున్న ఒక ఖైదీ బ్రతికి బయటపడెను. చెర మేలుచేసిన సందర్భములు లోకమున అరుదు. సెయింట్ లూసియా దీవిలో సముద్రమునుండి నిటారుగా లేచిన పిటోను శిఖరములు 2004లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వపు జాబితా కెక్కినవి. ఆ చిన్నదీవి ఇద్దరు నోబెలు బహుమాన గ్రహీతలను కన్నది: 1979లో అర్థశాస్త్రమునకు ఆర్థర్ లూయిస్, 1992లో సాహిత్యమునకు డెరెక్ వాల్కాట్.

మార్టినీకులోను సెయింట్ లూసియాలోను దిగిన దంపతులకు ఒక వింత కనబడును. పండుగ దినములలో అచ్చటి స్త్రీలు తలకు చుట్టుకొను గళ్లగుడ్డ, కట్టుకొను గళ్లపావడ ఎక్కడనో చూచినట్లు తోచును. అంగడిలో దాని పేరడిగిన ‘మద్రాసు’ అని చెప్పుదురు. కోరమాండలు తీరపు నేతగాండ్రు నేసిన గుడ్డ చెన్నపట్టణపు రేవునుండి పోయి, ఆ రేవు పేరుతోనే అచ్చట స్థిరపడినది. సెయింట్ లూసియాలో అది జాతీయవేషము. భోజనశాలలో ‘కొలంబో’ అను కూర వడ్డింతురు. దాని పొడిలో ధనియాలు, జీలకఱ్ఱ, ఆవాలు, మెంతులు, పసుపు ఉండును. మన ఇల్లాలు దాని వాసన చూచినంతనే, ఇది పరాయిది కాదని గ్రహింపగలదు. గుడ్డ వ్యాపారముతో ముందు పోయినది. మనిషి తరువాత పోయెను. ఆ మనిషి పోయిన విధమే ఇచ్చట చెప్పదగిన ముఖ్యాంశము.

ఆ దీవులలో చెరకు తోటలను ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత సాగుచేయించెడివారు. బ్రిటిషువారు 1833లో బానిసత్వ రద్దు శాసనము చేసిరి; 1838 నాటికి దాని శేషము కూడ తొలగెను. ఫ్రెంచివారు 1848లో రద్దుచేసిరి. విడుదల పొందినవారిలో పెక్కురు కొరడా దెబ్బలు తిన్న తోటలలో పాత షరతులపై పనిచేయ నిచ్చగింపలేదు. అప్పుడు తోటల యజమానుల చూపు మన దేశముపై పడెను. 1838 మే 5వ తేదీన ‘విట్బీ’, ‘హెస్పెరస్’ అను రెండు ఓడలు కలకత్తానుండి కూలీలతో గయానా తీరము చేరినవి. ట్రినిడాడునకును జమైకాకును 1845లో, మార్టినీకునకు 1853లో, గ్వాడలూపునకు 1854లో తొలి ఓడలు చేరెను. మొత్తముమీద గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడునకు 1,44,000 మంది, గ్వాడలూపునకు 42,000 మంది, మార్టినీకునకు 25,000 మంది పోయిరని లెక్కలున్నవి. గయానాకు పోయినవారిలో సుమారు 15,000 మంది చెన్నపట్టణమునుండి ఓడ ఎక్కినవారు. ఫ్రెంచి దీవులకు పోయినవారిలో పెక్కురు పుదుచ్చేరి, కారైకాలు రేవులలో ఎక్కిరి.

గ్రంథాలయ పాఠకులు ఇచ్చట ఒక సంగతి గమనింపదగును. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చి వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆయన గతించిన పిదప 1838లో అచ్చుపడెను. తొలి కూలీ ఓడలు గయానా చేరినదియు ఆ యేడే. ఒక యాత్రికునికి పరివారమున్నది, కలమున్నది, తిరిగిచేరు ఇల్లున్నది. ఆయన యాత్ర గ్రంథమైనది. ఆ వేలకొలది యాత్రికులకు కలము లేదు. వారి యాత్ర ఇతరులు వ్రాసిన పట్టీలలో ఒక్కొక్క వరుసగా మిగిలినది.

వారి ప్రయాణము ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి తెరచాప ఓడలో సుమారు మూడు మాసములు సాగెడిది. చట్టము పెద్దవారి కొక్కరికి ఓడ అడుగు అంతస్తులో 12 చదరపు అడుగుల చోటు విధించినది. అనగా ఒక చాప పరచిన చోటు. నేటి విహారనౌకలో దంపతుల సామాన్యపు గది సుమారు 150 మొదలు 200 చదరపు అడుగులుండును. అదియు ఇరుకని సణుగువారున్నారు. నాటి ఓడలో ఒంటరి పురుషులను ముందుభాగమున, ఒంటరి స్త్రీలను వెనుకభాగమున, దంపతులను ఆ రెంటి నడుమ ఉంచెడివారు. వందమంది పురుషులకు నలుబదిమంది స్త్రీలైనను ఉండవలెనని బ్రిటిషువారి నియమము. ఆ లెక్కయే చెప్పును, భార్యతో కలిసి పోగలిగినవాడు ఎంత అదృష్టవంతుడో. కలరా మొదలగు వ్యాధులు సోకి నడిసముద్రమున గతించినవారి దేహములను నీటికి అప్పగించిరి. ఒకే ఓడలో పోయినవారు కులభేదము మరచి ‘జహాజీ భాయి’ అని, ఓడతోబుట్టువులని పిలుచుకొనిరి. ఆ బంధమును రక్తబంధముగా తలచి, ఓడతోబుట్టువుల బిడ్డలకు పెండ్లి చేయుటకు సైతము సంకోచించెడివారు.

ఒప్పందము ఐదేండ్లకు. ట్రినిడాడులో పదియేండ్లు గడచిన పిదప తిరుగుప్రయాణపు హక్కుండెడిది. 1869 మొదలు కొంతకాలము ఆ హక్కును వదలుకొన్నవారికి బదులుగా భూమి నిచ్చిరి. సెంటు భూమికై అన్నదమ్ములు వ్యాజ్యమాడు సీమలో ఈ బేరము అర్థమగుటకు వ్యాఖ్యానము అక్కరలేదు. వారికి పొలము దక్కినది. పుట్టిన ఊరు చేజారినది. ఆ పొలము గట్టుపై నిలిచి ఆ దంపతులు ఏమి తలపోసిరో ఏ పట్టీలోను లేదు. 1917లో ఈ కూలీల రవాణా నిలిచెను. 1920లో ట్రినిడాడులో మిగిలిన ఒప్పందములును రద్దయ్యెను.

దంపతుల మాట వచ్చినది గనుక మరియొకటి. అగ్నిసాక్షిగా జరిగిన హిందూ వివాహమును ట్రినిడాడు ప్రభుత్వము చిరకాలము చట్టముగా గుర్తింపలేదు. దానికొరకు శాసనము 1945లో గాని రాలేదు. తొలి ఓడ చేరి అప్పటికి నూరేండ్లు. అంతవరకు మంగళసూత్రము కట్టిన భార్య చట్టము దృష్టిలో భార్య కాదు; బిడ్డల వారసత్వమునకు చిక్కులు. నేడు విహారనౌకలో దంపతులు ఒకే గదికి ఒకే చీటితో పోవునపుడు, ఆ సముద్రముననే దంపతులని అనిపించుకొనుటకు మూడు తరములు పోరాడవలసివచ్చెనని తెలిసియుండుట మంచిది.

వారు పోగొట్టుకొన్నది మిక్కిలి. నిలుపుకొన్నదియు తక్కువ గాదు. తెలుగువారు, తమిళులు కూడ అచ్చట ‘మద్రాసీలు’ అను ఒక్క పేరు క్రింద కలిసిపోయిరి. మారిషసులో తెలుగువారు తమ భాషపేరున నేటికిని ప్రత్యేక సమాజముగా నిలిచియుండగా, కరీబియను దేశములలో మన భాష ఇండ్లనుండి జారిపోయినది. ముత్తుస్వామి ‘ముతుసామి’ యయ్యెను, వీరస్వామి ‘వీరసామి’ యయ్యెను, చిదంబరము ‘సిదంబరోం’ అయ్యెను. లెక్క వ్రాయువాని కలము ఒక్క అక్షరము జారినచో ఒక వంశము పేరే మారిపోవును. కాని పేరు మారినను పౌరుషము మారలేదు. గ్వాడలూపులో హెన్రీ సిదంబరోం అను భారత సంతతివాడు, భారతీయుల బిడ్డలకు ఓటుహక్కు కావలెనని 1904లో మొదలుపెట్టిన పోరు 1923లో ఫలించెను. పందొమ్మిదియేండ్ల వ్యాజ్యము! ట్రినిడాడులోని వాటర్లూ గ్రామమున సివదాస సాధువు అను కూలీ చెరకు కంపెనీ భూమిలో గుడి కట్టగా, 1952లో దానిని పడగొట్టి అతనికి పదునాలుగు దినములు జైలు, జరిమానా విధించిరి. బయటికి వచ్చి అతడు, భూమిపై చోటులేనిచో సముద్రమున కట్టెదనని, సైకిలుపై రాళ్లు, సిమెంటు మోసి, ఆటుపోటుల నడుమ ఏండ్ల తరబడి శ్రమించి గుడి నిలిపెను. నేడు యాత్రికులు దానిని ‘సముద్రమందలి దేవాలయము’ అని దర్శించుచున్నారు. ఆ దేశముననే ఫెలిసిటీ అను పల్లెలో ఏటేట రామలీల జరుగును. ఇంతకు ముందు చెప్పిన వాల్కాట్ కవి 1992లో నోబెలు ఉపన్యాసమును ఆ పల్లె రామలీలను వర్ణించుటతోనే ప్రారంభించెను. మన వీధిభాగవతములను చిన్నచూపు చూచువారు ఈ సంగతి వినదగును.

విహారమునకు పోయినవారి నెత్తిన ఈ పాత దుఃఖమేల రుద్దవలెనని ఒక ఆక్షేపణ రావచ్చును. ఆ దంపతులు అలసిన జీవులు. నాలుగు దినములు నవ్వుకొని రానిమ్మని అనవచ్చును. ఆ మాట నిజమే. కాని తిరుపతికి పోయినవాడు కొండ కథ తెలిసినంతనే మెట్లు బరువగునా? తెలిసినవానికి ప్రతి మెట్టును పలుకరించును. రేవు సంగతి ఎరుగనివారికి అది అంగళ్ల వీధి. గడియారములు, అత్తరులు, గవ్వల హారములు తప్ప వేరు కనబడవు. ఎరిగినవారికి తలగుడ్డలో చెన్నపట్టణము, కూరపొడిలో తమ వంటయిల్లు, పేరుపలకపై వీరస్వామి కనబడును. ఖర్చు ఒక్కటే, దక్కునది వేరు.

కావున పోవువారికి కొన్ని సూచనలు చెప్పుట ఉచితము. దిగబోవు దీవుల పేర్లు టిక్కెట్టుతోపాటే తెలియును. ఒక్కొక్కదానిని గూర్చి పది పుటలైనను చదివి పోవలెను. ఓడ దిగినచోటి అంగళ్లను దాటి ఊరిలోనికి ఒక మైలైనను నడవవలెను. భోజనము ఒక పూట స్థానికుని దుకాణమున చేసినచో ఆ పైకము ఆ దీవిలోనే నిలుచును. భారతీయుల మొగమున్నవారు ఎదురైనపుడు ముందుగా నమస్కరించి, వారి పూర్వుల ఊరేదని అడుగవలెను. చాలమందికి తెలియదు. అడిగినవారున్నారని తెలియుటయే వారికి సంతోషము. ఓడలో పక్క సర్దువారును వంటవారును పెక్కురు ఫిలిప్పీన్సు, ఇండొనీషియా, భారతదేశములవారు. ఆరు మొదలు తొమ్మిది మాసముల ఒప్పందముపై ఆలుబిడ్డలను విడిచి వచ్చినవారు. వారు స్వేచ్ఛతో వచ్చిరి, స్వేచ్ఛతో పోగలరు. నాటి కూలీలతో వారిని పోల్చరాదు. అయినను దినమున కొకమారు వారి పేరుపెట్టి పిలిచి క్షేమమడుగుట మన మర్యాద.

తిరిగివచ్చిన పిదప చేయవలసిన పని ఇంకొకటి యున్నది. చూచినది వ్రాయవలెను. భాష గొప్పగా నుండనక్కరలేదు. ఏ తేదీన ఏ రేవు దిగినది, ఎవరితో మాటలాడినది, ఏమి తిన్నది, ఎంత ఖర్చైనది ఉన్నదున్నట్లు వ్రాసి ఒక ప్రతి గ్రంథాలయమున కీయవలెను. కలకత్తానుండి పోయిన కూలీల చీటీలలో పేరు, తండ్రి పేరు, జిల్లా, గ్రామము, శరీరముపైని గుర్తులు వ్రాసియుండెడివి. పెండ్లియైనవానికి భార్య పేరును వ్రాసిరి. ఆ నాలుగు వరుసల ఆధారముతో నేటి మునిమనుమలు తమ ఊళ్లను వెదకికొని భారతదేశమునకు వచ్చుచున్నారు. ఎవరికో విధిగా వ్రాసిన లెక్క, నూరేండ్లకు ఒక కుటుంబమునకు దారిచూపినది. ఇష్టముతో వ్రాసినది ఇంకెంత ఉపకరించునో ఊహింపవచ్చును.

గూటిబయలులోని తిమ్మమ్మ మఱ్ఱిమానును ఈ సీమలో చూడనివారు లేరు. సుమారు ఐదెకరములు ప్రాకిన ఆ చెట్టు మొదలు ఏదో, ఊడ ఏదో చూచువానికి తెలియదు. దిగిన ప్రతి ఊడయు ఒక మానై నిలిచినది. మానైన ఊడ మొదటిని మోయుచున్నది. మన జాతియు అట్టిదే. ఒక ఊడ దూరపు సముద్రమున దిగి, తన పేరు మరచి, తన నీడ తానిచ్చుచున్నది. నేడు అమెరికాలో మరియొక ఊడ దిగుచున్నది. ఆ ఊడలు ఒకే మానివని చెప్పు సాక్ష్యము పుస్తకములో నుండవలెను, పుస్తకము ఊరిలో నుండవలెను.

 యాత్రలు చేయువారు క్షేమముగా పోయి లాభముగా వచ్చెదరుగాక. గ్రంథాలయము స్వర్ణోత్సవము చూచుగాక.

స్వస్తి.